ఒత్తుకు చోటు ముందే విడవాలి: బోర్డు రాతపై పాఠకుల ప్రశ్నలు

చేతితో బోర్డులు, గోడలు రాయడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువ వచ్చాయి. చాలా ప్రశ్నల వెనక ఒకటే ఇబ్బంది కనిపించింది. కుంచె గురించి, కొలతల గురించి వాళ్లు చూసిందీ విన్నదీ అంతా ఇంగ్లిషు అక్షరాల లెక్క. ఇంగ్లిషు పెద్దక్షరాలకు పైనొక గీత, కిందొక గీత కొడితే అన్నీ వాటి మధ్యే ఇముడుతాయి. మన అక్షరానికి నెత్తిన గుడో ఏత్వమో ఉంటుంది, కాళ్ల కింద ఒత్తు ఉంటుంది. అందుకే ఈ జవాబులన్నీ తెలుగు అక్షరాన్ని ముందు పెట్టుకొని రాశాం.

*డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. బోర్డులు రాసుడు నేర్చుకోవాలని ఉన్నది. వెయ్యి రూపాయలు పక్కకు పెట్టుకున్న. ఏమేం కొనాలె, ముందుగాల ఏం రాయాలె?*
*– ఒక విద్యార్థి, కాజీపేట*

మొదటి నెలకు ఎనామిల్ (నూనె రంగు) డబ్బా కొనవద్దు. అర అంగుళం చదును కుంచె ఒకటి, పావు అంగుళంది ఒకటి, నల్ల పోస్టర్ కలర్ సీసా, చాక్‌పీసుల పెట్టె, మూడు అడుగుల స్కేలు. ఇవి చాలు. మిగిలిన డబ్బు రెండో నెలకు దాచుకోండి.

పాత పేపర్‌ను అడ్డంగా తిప్పి, కంటి ఎత్తులో గోడకు అంటించండి. అడ్డం తిప్పితే అచ్చు కాలమ్‌లు అడ్డగీతల్లా మారతాయి, కాబట్టి విడిగా గీతలు కొట్టే పని ఉండదు. బల్ల మీద పరిచి సాధన చేయవద్దు. బోర్డు నిలువుగా ఉంటుంది, చెయ్యి గాలిలో ఉంటుంది, రంగు కిందికి జారుతుంది. ఆ మూడూ మొదటి రోజు నుంచే చేతికి అలవాటు కావాలి.

మొదటి వారం అక్షరాల జోలికి పోవద్దు. నిలువు గీత, అడ్డగీత, ఎడమ అరచక్రం, కుడి అరచక్రం, తలకట్టు. ఈ అయిదే రోజుకు అరగంట రాయండి. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోవడం కంటే ఇదే పట్టు ఇస్తుంది.

ఇక్కడే కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటుంది. పెన్నుతో 'ర' రాసినట్టు గుండ్రాన్ని ఒకే విసురులో తిప్పేస్తారు. పెన్నును ఎటు నెట్టినా నడుస్తుంది. కుంచెను మాత్రం లాగాలి. నెడితే వెంట్రుకలు విచ్చుకొని అంచు పాడవుతుంది. అందుకని గుండ్రాన్ని రెండు లాగులుగా చేయండి. పై నుంచి ఎడమ పక్కగా కిందికి ఒకటి, మళ్లీ పై నుంచే కుడి పక్కగా కిందికి ఇంకొకటి. రెండూ పైనా కిందా ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కాలి. వంపు తిరిగేటప్పుడు మణికట్టు తిప్పవద్దు. కుంచె కాడను బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా దొర్లించండి. అప్పుడు గీత లావు వంపు పొడవునా ఒకేలా వస్తుంది. తలకట్టు పొడుగు చేయి కూడా అంతే. పెన్నుతో కింది నుంచి పైకి గీస్తాం, కుంచెతో పై నుంచి కిందికి లాగి చిన్న చేయికి కలపాలి.

రెండో వారం నుంచి అక్షరాలు. అకారాది వరుసలో వద్దు. ఆకారం కలిసేవాటిని ఒక జట్టుగా పట్టుకోండి. ర, ఠ ఒక జట్టు. ద, ధ, థ ఒకటి. వ, ప, ఫ, ష, మ, య ఒకటి. న, స ఒకటి. 'వ'లో తలకట్టు అక్షరానికి అంటుతుంది, 'ప'లో అంటదు. ఆ కాస్త సందు రంగుతో పూడిపోతే పండ్ల దుకాణం వండ్ల దుకాణం అవుతుంది. ఖ, జ, ట, ణ, బ, ల వంటి వాటికి అసలు తలకట్టే లేదు. అలవాటు కొద్దీ పెట్టేయకండి.

నెల తర్వాత ఎనామిల్‌కు మారండి. అప్పుడు పేపర్ వద్దు, నూనె పీల్చేస్తుంది. పాత కిటికీ అద్దం ఒకటి సంపాదించి, వెనక వైపు తెల్ల కాగితం అంటించి, దాని మీద రాయండి. టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి మళ్లీ మళ్లీ రాసుకోవచ్చు.

*కొన్న కుంచెలు నెల తిరగకముందే పొరకల తీరు విచ్చుకుంటున్నయి. మంచివి ఏవి?*
*– పరకాల*

తప్పు చాలాసార్లు కుంచెది కాదు, కడిగే తీరుది. వెంట్రుకలను కాడకు పట్టి ఉంచే రేకు కట్టు లోపల రంగు గడ్డకడుతుంది. ఆ గడ్డ వెంట్రుకలను లోపలి నుంచి బయటికి తోస్తుంది, కుంచె పొరక అవుతుంది. ఒకసారి అట్లా అయ్యాక మళ్లీ దారికి రాదు.

రంగులో కుంచెను వెంట్రుకల పొడవులో సగం వరకే ముంచండి. రేకు కట్టు దాకా ఎప్పుడూ పోవద్దు. ముంచిన వెంటనే బోర్డు మీద పెట్టకండి. పాత పెళ్లిపత్రిక అట్ట ఒకటి చేతిలో ఉంచుకొని, దాని మీద అటొక వైపు ఇటొక వైపు నాలుగైదుసార్లు లాగండి. రంగు వెంట్రుకల మధ్యకు సమానంగా ఎక్కి, మొన ఉలి అంచులా చదునవుతుంది. రాతలో అంచు పదును సగం ఇక్కడే వస్తుంది.

పని అయ్యాక టర్పెంటైన్‌లో మూడుసార్లు కడగాలి. ప్రతిసారీ వేరే గిన్నె, మూడోది శుభ్రమైనది. మొదటి గిన్నెలోని మురికి టర్పెంటైన్‌ను పారబోయకండి. రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కు దిగుతుంది, పైనున్నది మళ్లీ మొదటి కడుగుకు పనికొస్తుంది. తర్వాత వెంట్రుకలకు రెండు చుక్కల ఆముదమో మిషను నూనెనో రాసి, వేళ్లతో మొన సర్ది, పడుకోబెట్టి దాచండి. మళ్లీ వాడే ముందు ఆ నూనెను టర్పెంటైన్‌తో పూర్తిగా తీసేయాలి. కొంచెం మిగిలినా రంగు రోజుల తరబడి ఆరదు. కుంచెను డబ్బాలో తలకిందులుగా నిలబెట్టి వదిలేస్తే ఒక్క రాత్రిలో మొన వంగుతుంది.

కొనేటప్పుడు వెంట్రుక పొడవు చూడండి. గోడకు సున్నం వేసే రకం పొట్టి, మొరటు వెంట్రుకలు గీత మీద చారలు వదులుతాయి. అక్షరాలకు అంగుళం దాకా పొడవున్న మెత్తని సింథటిక్ వెంట్రుక మంచిది. పొడుగు వెంట్రుక ఎక్కువ రంగు పట్టుకుంటుంది, ఒక అరచక్రం మధ్యలో ఆగకుండా పూర్తవుతుంది. కుంచె వెడల్పు మీ గీత లావుకు సరిపోవాలి. ముప్పావు అంగుళం గీతను పావు అంగుళం కుంచెతో మూడుసార్లు నింపితే మూడు అంచులూ కనపడతాయి.

*మా మేనమామ దుకాణానికి 6 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు బోర్డు రాసిన. 'శ్రీ లక్ష్మీ' అని పైన, 'కిరాణం అండ్ జనరల్ స్టోర్స్' అని కింద, దాని కింద ఫోన్ నంబర్. పెద్దగ కనపడాలని పై వరుస 10 అంగుళాలు పెట్టిన. ఒత్తులు వచ్చి రెండో వరుస మీద పడ్డయి, నంబర్ అంచుకు పోయింది. ఎక్కడ తప్పింది?*
*– హనుమకొండ*

కుంచె పట్టకముందే తప్పింది. 10 అంగుళాలని మీరు అక్షరం ఒడ్డును, అంటే పైన గుడీ కింద ఒత్తూ లేని అసలు అక్షరం ఎత్తును మాత్రమే కొలిచారు. తెలుగు వరుస ఎత్తు ఒడ్డుతో అయిపోదు. ఒడ్డు 1 అనుకుంటే పైన గుడి, ఏత్వాలకు దాదాపు సగం కావాలి. కింద ఒక ఒత్తుకు సగం కంటే కొంచెం ఎక్కువ, రెండు ఒత్తులుంటే ముప్పావు దాకా కావాలి. మీ పై వరుసలో రెండూ ఉన్నాయి. 'శ్రీ'కి పైన గుడిదీర్ఘం, కింద క్రారవడి. 'క్ష్మీ'కి పైన గుడిదీర్ఘం, కింద షఒత్తు, మఒత్తు.

మీ లెక్క ఇట్లా తేలుతుంది. పైన 5, ఒడ్డు 10, ఒత్తులకు 7, మొత్తం 22 అంగుళాలు. బోర్డు ఎత్తు 36. పైన 3, కింద 3 అంచుకు వదిలితే మిగిలింది 8. రెండో వరుసకూ నంబరుకూ కలిపి దాదాపు 10 కావాలి. అది పట్టదు.

ఒడ్డును 7 అంగుళాలకు దించండి. పైన 3.5, ఒడ్డు 7, ఒత్తులకు 5, మొత్తం 15.5. రెండో వరుస ఒడ్డు 3.5, పైన 1.75, కింద 'స్టో'లోని టఒత్తుకు 2, మొత్తం 7.25. నంబర్ అంకెలకు 2.5. ఇవన్నీ కలిపి 25.25. అంచులకు 6 తీసేస్తే ఇంకా 4.75 మిగులుతుంది. దాన్ని రెండు వరుసల సందులకు పంచండి. చిన్నదైందని దిగులు పడకండి. ఊపిరాడే 7 అంగుళాల అక్షరం, ఇరుక్కున్న 10 అంగుళాల అక్షరం కంటే దూరానికి బాగా తెలుస్తుంది. రోడ్డు అవతలి వాళ్లు 40 అడుగుల దూరంలో ఉంటారనుకుంటే ముఖ్యమైన పేరుకు 5, 6 అంగుళాల ఒడ్డు చాలు.

ఒత్తుల విషయంలో ఇంకో మూడు మాటలు.

ఒకటి, ఒత్తును అక్షరంలో 60 శాతం ఎత్తుకు తగ్గిస్తాం కదా అని గీత లావును కూడా అంతే తగ్గించకండి. 60 శాతం ఎత్తుకు 75 శాతం లావు ఉంచండి. లేకపోతే అక్షరం బలంగా, ఒత్తు నీరసంగా కనపడి, దూరం నుంచి ఒత్తే మాయమవుతుంది.

రెండు, 'క్ష్మీ' వంటి చోట రెండు ఒత్తులను నిట్టనిలువుగా ఒకదాని కింద ఒకటి దించకండి. షఒత్తును కింద పెట్టి, మఒత్తును దానికి కుడి పక్కగా కొంచెం కిందికి జరపండి. చదవడానికి తేడా రాదు, రెండు అంగుళాలు కలిసొస్తాయి. పైన లెక్కలో ఒత్తులకు 5 సరిపోయింది అందుకే.

మూడు, త, న, మ, య, ర, ల ఒత్తులకు రూపమే వేరు. మిగతావి చాలావరకు తలకట్టు తీసేసిన చిన్న అక్షరాలే. ఈ ఆరింటినీ ప్రత్యేకంగా సాధన చేయండి. యఒత్తు కుడి వైపు సాగుతుంది కాబట్టి పక్క అక్షరాన్ని కొంచెం జరపాలి. క్రారవడి ఎడమకు పోతుంది కాబట్టి ముందు అక్షరం కింద ఖాళీ చూసుకోవాలి.

ఇదంతా బోర్డు మీద చేసే ఆలోచన కాదు. గళ్ల కాగితం మీద అడుగుకు 2 అంగుళాల చొప్పున, అంటే 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు బొమ్మ గీసుకోండి. పెన్సిల్‌తో పేరు రాసి చూడండి. రెండో వరుసలో 11 అక్షరాలున్నాయి, 'ణం', 'అం' లాంటివి వెడల్పు కూడా. 3.5 అంగుళాల ఒడ్డుకే 60 అంగుళాల పైన పడుతుంది. బోర్డు 72, పక్కలకు చెరో 3 పోతే 66. ఇక్కడ ఒడ్డును అర అంగుళం పెంచినా పట్టదని కాగితమే చెబుతుంది.

తర్వాత బోర్డు మీద దారం కొట్టండి. నూలుదారానికి సుద్దపొడి రుద్ది, ఇద్దరు చెరో కొస బిగించి పట్టుకొని, మధ్యలో లాగి వదిలితే నిక్కచ్చి గీత పడుతుంది. ప్రతి వరుసకూ నాలుగు గీతలు కావాలి. గుడి గీత, తల గీత, అడుగు గీత, ఒత్తు గీత. తెల్ల బోర్డైతే సుద్ద కనపడదు, నీలం పొడి వాడండి. జాజు వద్దు, లేత రంగు మీద మరక మిగులుతుంది. పెన్సిల్ గీతలూ లేత ఎనామిల్ మీద సరిగ్గా పోవు. సుద్ద గీతలను మాత్రం రాత ఆరిన మర్నాడు పొడి గుడ్డతో తుడిస్తే పోతాయి. పేరు మధ్య అక్షరాన్ని బోర్డు మధ్యకు తెచ్చి, అక్కడి నుంచి రెండు పక్కలకూ సుద్దతో పేర్చుకుంటూ పొండి. ఎడమ నుంచి మొదలుపెడితేనే చివరి అక్షరం ఇరుకున పడుతుంది.

అక్షరాల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవవద్దు. గుండ్రని అక్షరాల అంచులు పక్కపక్కన వస్తే మధ్యలో పైనా కిందా ఖాళీ ఎక్కువ కనపడుతుంది, వాటిని దగ్గరికి జరపాలి. సున్న చుట్టూ కూడా ఖాళీ ఎక్కువే కనపడుతుంది. పది అడుగులు వెనక్కి పోయి, కళ్లు సగం మూసి చూస్తే ఎక్కడ గుంత పడ్డదో తెలుస్తుంది.

మీరు హనుమకొండలోనే ఉన్నారు కాబట్టి ఒక మాట. వేయిస్తంభాల గుడి దగ్గర 1163 నాటి రుద్రదేవుని శాసన స్తంభం ఉంది. భాష చాలావరకు సంస్కృతం, అందుకే సంయుక్తాక్షరాలు ఎక్కువ. లిపి మన పాత తెలుగు కన్నడ లిపి. చదవలేకపోయినా ఫరవాలేదు. చెక్కినవాళ్లు వరుస మీద వరుసను ఎట్లా పేర్చారో, కింద వేలాడే అక్షరాలను ఎట్లా ఇమిడ్చారో ఒక గంట నిలబడి చూడండి. రాయి మీద తుడిచి మళ్లీ రాసే వీలు లేదు మరి.

*కొత్త తెల్ల రేకు మీద నేరుగా ఎనామిల్ వేసి రాసిన. ఆరు నెలలకే పొరలు పొరలుగ ఊడొస్తున్నది. రంగు కల్తీనా?*
*– జమ్మికుంట*

కల్తీ కాకపోవచ్చు. తెల్ల రేకు అంటే జింకు పూత ఉన్న రేకు. ఎనామిల్‌లోని నూనె ఆమ్లాలు జింకుతో కలిసి రంగుకూ రేకుకూ మధ్య సబ్బు లాంటి పెళుసు పొర కడతాయి. రంగు పైకి బాగానే ఉంటుంది, కింద పట్టు పోతుంది. గోరు పెడితే అట్టలా లేస్తుంది.

ముందు సబ్బునీళ్లతో కడిగి జిడ్డు తీయండి. కొత్త రేకు మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, అది కంటికి కనపడదు. ఆరాక 220 నంబర్ ఎమరీ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. తర్వాత జింకు రేకుల కోసమే అమ్మే వాష్ ప్రైమర్, ఎచ్ ప్రైమర్ అని కూడా అంటారు, పలచగా ఒక చేయి, అంటే ఒక పూత, వేయండి. దాని మీద మామూలు మెటల్ ప్రైమర్, ఆ తర్వాతే ఎనామిల్. వాష్ ప్రైమర్ దళసరిగా వేస్తే అదే ఊడుతుంది, కింది రేకు లీలగా కనపడేంత పలచన చాలు.

నల్ల ఇనుప రేకైతే దారి వేరు. తుప్పును 80 నంబర్‌తో గీకి, 120తో నునుపు చేసి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ వేయాలి. రుద్దిన రేకును వానాకాలంలో ఒక్క రాత్రి వదిలినా మళ్లీ తుప్పు లేస్తుంది. గుంతలుంటే లప్పం పెట్టి, ఆరాక రుద్దండి. ఎనామిల్ రెండు చేతులు, మధ్యలో 24 గంటలు ఆగి, 320తో తేలిగ్గా రుద్దాలి. వెనక వైపూ అంచులూ బోల్టు రంధ్రాలూ మర్చిపోవద్దు. నీళ్లు దూరేది అక్కడి నుంచే, ముందు వైపు ఉబ్బేది తర్వాత.

6కు 3 అడుగుల బోర్డు ఒక వైపు 18 చదరపు అడుగులు. లీటరు ఎనామిల్ ఒక చేతికి దాదాపు 100 చదరపు అడుగులు వస్తుంది. ముందు వైపు రెండు చేతులకు అర లీటరు తీసుకుంటే కొంచెం మిగులుతుంది. ప్రైమర్ రెండు వైపులకూ అర లీటరు. అక్షరాలకు 100 మిల్లీలీటర్ల డబ్బా, నీడ రంగుకు 50 మిల్లీలీటర్లది చాలు.

పాత బోర్డు గీకి మళ్లీ రాసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దకండి. నీళ్లు చల్లుతూ వాటర్ పేపర్‌తో రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, ఆ పని దగ్గరికి పిల్లలను రానీయకండి.

*మా ఊరి బడి గోడకు సూక్తులు రాయాలంటున్నరు. గోడ కొత్తగ ప్లాస్టరింగ్ చేసిండ్రు. ఎనామిల్ వాడొచ్చునా?*
*– ములుగు దగ్గరి ఒక పల్లె*

వద్దు. కొత్త సిమెంటు ప్లాస్టర్‌లో క్షారం ఎక్కువ. ఎనామిల్‌లోని నూనెను అది సబ్బుగా మారుస్తుంది. రంగు జిగటగా ఉండి ఆరదు, లేదా మచ్చలు మచ్చలుగా వెలుస్తుంది. ప్లాస్టర్ నీళ్లు పట్టి కనీసం 28 రోజులు గడవాలి, పూర్తిగా ఆరాలి. తర్వాత సిమెంట్ ప్రైమర్ ఒక చేయి, బయటి గోడలకు వాడే ఎమల్షన్ రెండు చేతులు. రాత కూడా ఎమల్షన్‌తోనే, కావలసిన రంగు స్టెయినర్ కలిపి. అది నీళ్ల రంగు, అందులో ఎనామిల్‌లాంటి నూనె ఉండదు కాబట్టి క్షారానికి తట్టుకుంటుంది.

ఎమల్షన్ అరగంటలో ఆరుతుంది, అందుకని అక్షరం అంచును ఆరిన తర్వాత సవరించబోతే అతుకు కనపడుతుంది. ఒక అక్షరం మొదలుపెడితే పూర్తి చేసే లేవండి. నేల నుంచి ఒక అడుగు దాకా ఏమీ రాయవద్దు. వాన చినుకులు ఎగజిమ్మే ఎర్రమట్టి, చెమ్మ అక్కడే చేరతాయి. పాత సున్నం గోడైతే చేత్తో రుద్ది చూడండి. అరచేతికి పొడి అంటితే గీకి, కడిగి, ప్రైమర్ వేశాకే రాత.

*చెయ్యి వణుకుతున్నది. ఒకచోట రంగు కారుతుంది, ఇంకోచోట కుంచె సాగదు. రంగు కలుపుడు లెక్క చెప్పండి.*
*– కరీంనగర్*

వణుకుకు మందు కర్ర. రెండున్నర, మూడు అడుగుల నున్నటి కర్ర తీసుకొని, ఒక కొసకు గుడ్డ ఉండ చుట్టి కట్టండి. ఆ కొసను బోర్డు మీద తడి లేని చోట ఆనించి, ఇంకో కొసను ఎడమ చేత్తో పట్టుకోండి. రాసే చేతి మణికట్టును కర్ర మీద పెట్టండి. పొడుగు గీతలకు వేళ్లు కాదు, భుజం కదలాలి. గీత లాగుతున్నప్పుడు కళ్లు కుంచె మొన మీద కాకుండా గీత చేరాల్సిన చోట ఉంటే వంకర తగ్గుతుంది.

ఇక కలుపు. 10 చెంచాల ఎనామిల్‌కు అర చెంచా నుంచి ఒక చెంచా టర్పెంటైన్. అంతకు మించితే కారుతుంది, కింది రంగు తొంగిచూస్తుంది. అసలు కలపకపోతే కుంచె ఈడ్చినట్టు నడుస్తుంది. డబ్బాలో నేరుగా కలపకండి. పని గంటకు సరిపడా చిన్న గిన్నెలోకి వంచుకొని కలపండి. పైన మీగడ కట్టి ఉంటే దాన్ని కలియబెట్టకుండా తీసి పారేయండి, తర్వాత పలుచటి గుడ్డతో వడకట్టండి. ఒక్క పొక్కు అంచులో ఇరుక్కుంటే ఆ గీత పాడైనట్టే.

కుంచె సాగకపోవడానికి మన ఎండ ఇంకో కారణం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం గాలే 40 డిగ్రీలు దాటుతుంది, ఎండలో ఉన్న రేకు ఇంకా ఎక్కువ కాలుతుంది. రేకు మీద అరచేయి పెట్టి ఉంచలేకపోతే రాయకండి. కుంచె వదిలిన క్షణానికే రంగు పట్టేస్తుంది, తర్వాతి లాగు అతుక్కోదు. పొద్దున తొమ్మిది లోపు, లేదా నీడ వచ్చాక రాయండి. తప్పనిసరైతే గిన్నెకు రెండు మూడు చుక్కల అవిసె నూనె కలిపితే రంగు కొంచెం నెమ్మదిగా ఆరుతుంది. వానాకాలంలో దీనికి తలకిందులు. రంగు మీద మంచో చెమ్మో పడితే మెరుపు పోయి బూడిద పూసినట్టు అవుతుంది. మూడు గంటలకల్లా ముగించండి.

ముడతలు పడితే అది దళసరి చేయి తప్పు. పైపొర ముందు ఆరి, లోపలి తడి దాన్ని లాగుతుంది. రెండు పలచటి చేతులే మేలు.

*రంగుల జోడింపు, నీడ ఎట్ల వెయ్యాలె?*
*– జగిత్యాల*

పసుపు మీద నలుపు, తెలుపు మీద ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ మీద తెలుపు దూరానికి తెలుస్తాయి. ఎరుపు మీద నీలం పెట్టకండి. రెండూ కంటికి ఒకే ముదురుగా కనపడి అంచు అదిరినట్టు ఉంటుంది. నీలం మీద పసుపు రాయాలంటే నేరుగా వేయవద్దు, ఆకుపచ్చగా తేలుతుంది. ముందు అక్షరాన్ని తెల్లరంగుతో నింపి, ఆరాక పసుపు వేయండి. పడమటి ఎండ పడే బోర్డుకు ఎరుపు అక్షరాలు పెట్టేముందు దుకాణదారుకు చెప్పండి, చాలా ఎరుపులు ఎండకు గులాబీగా వెలుస్తాయి.

నీడ గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఒత్తులు ఎక్కువున్న పేరుకు నీడ వేయకపోవడమే అందం. వేసి తీరాలంటే గీత లావులో పావు వంతు మించకుండా, అక్షరానికీ నీడకూ మధ్య సన్నని సందు వదిలి, అన్ని అక్షరాలకూ ఒకే పక్కన వేయండి. గుడి లోపల, థ, ఠ లోపలి చుక్క చుట్టూ నీడ వద్దు, అక్షరం పూడిపోతుంది. గీత లావు కూడా ఒడ్డులో ఆరో వంతో ఏడో వంతో దాటకూడదు. అంతకన్నా లావైతే 'ఘ', 'ణ' మూసుకుపోతాయి.

*బోర్డుల మీద అక్షర దోషాలు చూసి బాధేస్తుంది. రాసేవారికి నాలుగు మాటలు చెప్పగలరా?*
*– ఒక ఉపాధ్యాయురాలు, హనుమకొండ*

తప్పకుండా చెబుతామమ్మా. బోర్డు పదేళ్లు ఉంటుంది, పిల్లలు దాన్ని చూసే నేర్చుకుంటారు. ఎక్కువ తప్పులు ద, ధ, థల దగ్గరే. విద్యార్థి, ప్రార్థన, ఆర్థిక, ప్రథమ, కథ, వీటిలో 'థ'. ప్రధాన, నిషేధం, ధాన్యం, వీటిలో 'ధ'. విద్యలో మామూలు 'ద'. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. పాఠశాలలో 'ఠ', లోపల చుక్క ఉండాలి. రాసేవాళ్లు దుకాణదారుతో పేరును కాగితం మీద రాయించుకొని, అనుమానమున్న మాటను నిఘంటువులో చూసి, ఆ కాగితం మీద సంతకం తీసుకుంటే తర్వాత గొడవ ఉండదు.

*బండ్ల నంబర్ ప్లేట్లు రాస్తే రోజూ పని దొరుకుతది అంటున్నరు. నిజమేనా?*
*– భూపాలపల్లి*

ఆ పని మీద ఆశ పెట్టుకోకండి. 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి, దాన్ని చేత్తో రాయడానికి లేదు. ట్రాక్టర్ ట్రాలీల మీద యజమాని పేరు, ఊరు, లారీ క్యాబిన్ మీద రాతలు ఇప్పటికీ చేతి పనే. వాటికి ప్రైమర్ పద్ధతి పైన రేకుకు చెప్పిందే.

*షట్టర్ మీద రాస్తే పొద్దునకల్లా అక్షరాలు చెరిగిపోయినయి.*
*– నర్సంపేట*

రంగు ఆరకముందే షట్టర్ ఎత్తి ఉంటారు. ఎనామిల్ నాలుగైదు గంటలకు చేతికి అంటకపోవచ్చు, లోపల గట్టిపడడానికి మాత్రం 24 గంటలు కావాలి. చుట్టుకున్నప్పుడు ఒక పట్టీ మీద ఇంకో పట్టీ ఒత్తుకొని రంగును ఊడదీస్తుంది. దుకాణానికి వారపు సెలవు ఏ రోజో అడిగి, ముందు రోజు రాత్రి షట్టర్ దించాక కడిగి ఆరబెట్టించి, సెలవు రోజు పొద్దున్నే రాయండి. మర్నాడు పొద్దున దాకా ఎత్తవద్దని యజమానికి గట్టిగా చెప్పండి. పట్టీల మధ్య గాడిలో రంగు నింపకండి, ఎత్తినప్పుడు మొదట పగిలేది అక్కడే. గీతలు కొట్టేటప్పుడు దగ్గర నిలబడి చూస్తే పట్టీల వంపు వల్ల అక్షరం తెగినట్టు కనపడుతుంది. 15 అడుగులు వెనక్కి పోయి ఎదురుగా చూసి సరిచేసుకోండి. ఒత్తు గీతను మాత్రం గాడి మీద పడకుండా పట్టీ మధ్యకు వచ్చేలా జరపండి.